ఆకు చూపితేనే మందు

జబ్బు పట్టిన ఆకు చూపితే తప్ప పురుగుమందు అమ్మకూడదని చట్టం వచ్చి ఐదేళ్లయింది. పత్తికొండ బజారులోని ఆ మందుల కొట్లో ఆకును పరీక్షించేది యంత్రం. అది పచ్చలైటు వెలిగించాక సీసా అందించడమే సుంకులమ్మ పని.

ఆ మధ్యాహ్నం ఓబులేసు అనే రైతు పత్తి ఆకు తెచ్చి యంత్రం ముందు పెట్టాడు. లద్దెపురుగు తిన్న ఆకేనని తేల్చి యంత్రం లైటు వెలిగించింది. సుంకులమ్మ సీసా తీసింది గానీ చెయ్యి చాపలేదు.

"యా ఊరు నాయినా?"

"తుగ్గలి అవతలక్కా."

"ఆ పక్క ఈ యేడు చినుకే పడల్యా గదా. విత్తనం మొలవని చేన్లో ఇంత నవనవలాడే ఆకు యాడిది?"

ఓబులేసు తల దించుకున్నాడు. "బోరున్నోళ్ల చేన్లో తెంపుకొచ్చినా."

"మరి మందు యాడ కొడతావు?"

అతని చూపు సీసా మీదే ఉంది.

మూడేళ్ల కిందట సుంకులమ్మ పెనిమిటి కూడా ఎవరి చేనిదో ఆకు తెచ్చి చూపించాడు. ఆ రోజూ యంత్రం అబద్ధం చెప్పలేదు. ఆకుకు జబ్బున్న మాట నిజమే. ఆ మందు మాత్రం ఏ చేనికీ చేరలేదు, అతని గొంతులోకే పోయింది.

సీసా ఎందుకివ్వలేదని యంత్రం అడిగింది. జవాబుగా నొక్కడానికి తెర మీద మూడే మాటలున్నాయి. వెనక అరల నిండా సీసాలుండగానే సుంకులమ్మ ‘సరుకు లేదు’ అన్నదాని మీద వేలు పెట్టింది. తర్వాత తన సద్దిమూట విప్పి జొన్నరొట్టె సగానికి తుంచింది.

"కూసోని తిను నాయినా. ఇంటికి ఫోన్ చేద్దాం. మీవోళ్లు వచ్చిందాకా నేనూ నీ పక్కనే కూసుంటా."