మూడో డబ్బా

డాక్టర్ మల్లికార్జున ఎడిన్‌బర్గ్‌లో గుండె డాక్టర్ల మీటింగుకు బయల్దేరుతుంటే, భార్య సరోజ సంచిలో మూడు పచ్చడి డబ్బాలు సర్దింది.

న్యూకాసిల్ తెలుగువాళ్లలో అదొక ఆచారం. ఎవరు ఏ ఊరు వెళ్తున్నారన్న వార్త ఆసుపత్రి కంటే ముందు వంటిళ్లకు చేరుతుంది. మీటింగులో ఆయన ఏం మాట్లాడతాడో ఎవరికీ అక్కర్లేదు. సంచిలో ఎంత చోటుందో అందరికీ కావాలి.

ఒక డబ్బా రామాంజనేయులుగారి తోడల్లుడికి. ఒకటి ఆదిలక్ష్మిగారి చెల్లెలికి. మూడోది ప్రియకు.

మూడోదాని దగ్గర మల్లికార్జున ముఖం చిట్లించాడు.

"నేను డాక్టర్నా, పోస్ట్‌మాన్‌నా?"

"గుమ్మం ముందు పెట్టేసి రాకండి. చేతికివ్వండి" అంది సరోజ. "పిల్లాడు పుట్టి ఏడాదైందటగా. ఎవరి పోలికో చూసి రండి. ఇంకెప్పుడూ మిమ్మల్ని ఏమీ అడగను."

"తెల్లవాడి కొడుకు తెల్లవాడిలానే ఉంటాడు. అది చూడ్డానికి ఎడిన్‌బర్గ్ వెళ్లాలా?"

ప్రియ సంగతి అక్కడ అందరికీ తెలిసిందే. నాలుగేళ్ల కిందట ఒక స్కాట్లాండ్ కుర్రాణ్ణి రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకుంది. ఆ ఏడు ఉగాది భోజనాల్లో అందరూ పచ్చడి మానేసి ఆ విషయాన్నే నంజుకున్నారు. మిగతావాళ్లు గుసగుసలాడారు. మల్లికార్జున మాత్రం మైకు పట్టుకున్నాడు. ఆ పిల్ల గడప తొక్కనని, ఆ పేరు తన ముందు ఎత్తొద్దని నలుగురిలో చెప్పాడు. చప్పట్లు కూడా పడ్డాయి. మైకులో అన్న మాట వెనక్కి తీసుకోవడం పెద్దమనిషికి కుదరదు కదా. నాలుగేళ్లుగా నిలబెట్టుకుంటూ వస్తున్నాడు.

ప్రియ తల్లి ఆ పూట పంక్తిలో పులిహోర వడ్డిస్తూనే ఉంది.

రైల్లో గోంగూర వాసన అందరికంటే ముందు మల్లికార్జునకే తగిలింది. తగలక ఏం చేస్తుంది, ఆ ముక్కు అలాంటిది. వార్డులోకి ముందు ముక్కు వస్తుందని, కాసేపాగి డాక్టరుగారు వస్తారని నర్సుల హాస్యం.

మీటింగు పాత విశ్వవిద్యాలయంలో. పొగచూరిన రాతిగోడలు. నాలుగు వందల ఏళ్లుగా అక్కడ చదువు తప్ప మరోటి లేదట. బిస్కెట్లు చూస్తే నమ్మకం కుదిరింది. గోడల నిండా మహానుభావుల పటాలు. ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు. మల్లికార్జునకు వాళ్లు నచ్చారు.

ఆ రోజు అసలు ఆకర్షణ మధ్యాహ్నం ఉపన్యాసం. వయసుతో గుండె ఎందుకు గట్టిపడుతుందో ఒక పెద్ద ప్రొఫెసరు చెప్తాడు.

భోజనాల దగ్గర జూనియర్ డాక్టరు జయకృష్ణ వచ్చి సంచి వైపు చూశాడు.

"డబ్బాలు నాకివ్వండి సార్. రాత్రి ఇక్కడే ఫ్రెండ్ ఇంట్లో ఉంటున్నా. మూడూ ఇచ్చేసి వస్తాను."

మల్లికార్జున రెండు తీసిచ్చాడు. మూడోది ఇవ్వలేదు.

"అది వద్దులే. మూడంతస్తులు. నువ్వు ఎక్కలేవు."

జయకృష్ణ ప్రతి ఆదివారం ఫుట్‌బాల్ ఆడతాడు. మోకాళ్ల నొప్పులున్నది పెద్దాయనకే. అయినా జయకృష్ణ రెండింటితో సరిపెట్టుకున్నాడు. పెద్ద డాక్టరు లెక్క తప్పదని వైద్యశాస్త్రంలో ఒక నమ్మకం.

ప్రొఫెసరు మైకు అందుకునే వేళకు మల్లికార్జున బస్సులో ఉన్నాడు. సరోజ రాసిచ్చిన అడ్రసు చీటీ జేబులో ఉంది. దిగాక కూడా దాన్ని బయటకు తియ్యలేదు.

తలుపు ముందు డబ్బా పెట్టి దిగిపోదామని ఆయన ఎత్తు. మోకాళ్లు పడనివ్వలేదు. మెట్ల మీద ఆయన ఆయాసం విని లోపలివాళ్లే తలుపు తీశారు.

ఎర్రజుట్టు కుర్రాడు. చంకలో ఏడాది పిల్లాడు.

"రండి అంకుల్. తిన్నారా?" అన్నాడు కుర్రాడు తెలుగులో.

అతనికి వచ్చిన తెలుగు అంతే. తెలుగు పెద్దవాళ్లు ఎవరొచ్చినా ఈ రెండు మాటలు అనమని ప్రియ నేర్పిందట. పేరు మాత్రం అడగొద్దందట, అంకుల్స్‌ని పేరడిగితే నొచ్చుకుంటారని. ప్రియ ఆసుపత్రిలో డ్యూటీలో ఉందని, వేళలు మారాయని, సాయంత్రం దాకా రాదని ఇంగ్లీషులో చెప్పి నొచ్చుకున్నాడు.

"మంచిదే" అన్నాడు మల్లికార్జున. ఆ మంచి ఏమిటో కుర్రాడికి అర్థం కాలేదు.

గడప ఇవతలే నిలబడి డబ్బా అందించాడు. మైకులో అన్న మాటకు ఇంకా ఏ లోటూ రాలేదు.

అప్పుడు పిల్లాడు వంగి, ఆయన ముక్కు పట్టుకున్నాడు.

తండ్రి కంగారుపడి విడిపించబోయాడు. "ఉండనీ" అన్నాడు మల్లికార్జున. పిల్లాడు వదల్లేదు. వదలకుండానే తండ్రి చంకలో లోపలికి తిరిగాడు. ముక్కు ఎటు వెళ్తే మనిషి అటు వెళ్లాలి కదా. అంత పట్టుదలగల మనిషి గడప దాటేశాడు.

టీ తాగాడు. చల్లారిందని ఇంకోటి అడిగి తాగాడు. లేచి వస్తుంటే పిల్లాడు ఏడ్చాడు. అంకుల్ మెట్లు చాలా నెమ్మదిగా దిగాడు. మోకాళ్లు మరి.

రైలెక్కించడానికి జయకృష్ణ స్టేషన్‌కు వచ్చాడు. ఉపన్యాసానికి ఎందుకు రాలేదని అడిగాడు.

"గుండె గట్టిపడటం గురించి నాకు ఆయన చెప్పేదేముంది?" అని పెద్దాయన రైలెక్కి కూర్చున్నాడు.

రైలు కదిలాక ఇంటికి ఫోన్ చేశాడు. ప్రియ ఇంట్లో లేదన్నాడు. డబ్బా ఆ కుర్రాడి చేతికే ఇచ్చానన్నాడు. మెట్లు ఎక్కువన్నాడు, టీలో పాలు ఎక్కువన్నాడు, వాడికి తెలుగు బొత్తిగా రాదన్నాడు. సరోజ అన్నింటికీ ఊఁ కొట్టి, ఆఖరికి తను అడిగింది ఒక్కటే కదా అంది.

మల్లికార్జున ఫోన్‌లో నెమ్మదిగా అన్నాడు:

"మన మనవడికి నా ముక్కే వచ్చింది, సరోజా."