పెంటప్ప నోరు విప్పిన రోజు

దాజీ పేటలో పెంటప్ప అంతటి మాటకారి మరొకడు పుట్టలేదు, ఇక పుట్టడు. నలభై కరెంటు సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, ఒక్కసారిగా దడదడలాడే షెడ్డులో ఈ చివర నిలబడి అతను జోకేస్తే, ఆ చివర సాంచా నడిపేవాడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నమ్మనివాళ్ళు సోలాపూర్ వెళ్ళి ఎవరినైనా అడగవచ్చు.

అటువంటి పెంటప్ప కొంతం చౌక్‌లో, మనసు డాక్టర్ ఎదుట, మూతికి కుట్లేసినట్టు కూర్చుని ఉన్నాడు.

"మాట్లాడుండ్రి కాకా," అంది డాక్టర్ వసంత. బట్టల సేటు కూతురు. ఎనభై ఏడులో పూనా చదువు ముగించుకుని వచ్చి, దుకాణం మీద తండ్రి కూర్చునే ఏసీ గదిలోనే దవాఖాన తెరిచింది.

పెంటప్ప ఆమె భుజం మీదుగా తలుపు దిక్కు చూశాడు. నిలువెత్తు అద్దాల తలుపు. అవతల బెంచీ మీద బామ్మర్ది రాజారాం, ఎడమ కంటికి పచ్చగుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. కిందటి ఎండాకాలం పెంటప్ప సాంచాలోంచి, పోగును అటూఇటూ మోసే నాడె ఎగిరివచ్చి ఆ కన్ను పోయింది. చిత్రమేమిటంటే కన్ను పోయినవాడు తేరుకున్నాడు, పెంటప్పకే నోరు పడిపోయింది. జొన్నరొట్టె నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాడు.

"నా కన్ను పోయిన దుఃఖం నాకన్న మా బావకే ఎక్కువైంది డాక్టరమ్మా. ఎట్లన్న జేసి మాట్లాడిపియ్యి," అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది రాజారామే. వారం వారం తీసుకొస్తాడు. బావ ఎప్పుడు నోరు విప్పుతాడా అని లోపలికే చూస్తూ కూర్చుంటాడు.

"ఈడ చెప్పింది బయటికి పోతదా?" అన్నాడు పెంటప్ప ఆఖరికి.

"పోదు కాకా. నా చదువు మీద ఒట్టు."

"నీ నోట్లకెల్లి పోదు, సరే. తలుపులకెల్లి?"

వసంత నవ్వింది. "ఏసీ కోసం మా నాన్న ఏరికోరి పెట్టించిన అద్దం ఇది. కావాల్నంటే చూడుండ్రి."

అప్పుడే మెట్లెక్కి వచ్చిన చాయ్‌వాలాను ఆపి, రాజారాం లోపలికి తిరిగి ఏదో అడిగాడు. పెంటప్ప వద్దని తలూపాడు.

"ఒక్క ముక్కన్న ఇనవడ్డదా?"

"లేదు."

"మరి? చెప్పుండ్రి."

పెంటప్ప కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

"నాడె ముక్కు ఇరిగి ఎగిరిందని అందరికి చెప్పిన. అబద్ధం బిడ్డా. నాడె ఎగరకుండ సాంచాకు అడ్డంగ ఒక కంబి ఉంటది. పోగు తెగినప్పుడల్ల చేతికి అడ్డమొస్తుందని నేనే ఊడదీసి పక్కన పెట్టిన."

"అది పొరపాటు కాకా, కావాలని..."

"ఆగు, అయిపోలే. వాడు కన్ను పట్టుకొని కిందపడి 'బావా, బావా' అని ఒర్లుతుంటే నేనేం జేసిన్నో తెలుసా? ముందు కంబి బిగించిన. జనమొస్తే చూస్తరని. అది బిగించినంకనే వాడి దగ్గరికి పోయిన."

బోరుమన్నాడు. వసంత నీళ్ళ గ్లాసు అతని వైపు జరిపింది, అంతే.

బయటికి వచ్చేసరికి పెంటప్ప ఒళ్ళు దూదిలా తేలికైంది. దాజీ పేట దాకా దారి పొడుగునా అతనే మాట్లాడాడు. ఎండ గురించి, ఎడ్ల గురించి, ఎదురొచ్చిన సైకిలువాడి టోపీ గురించి. రాజారాం ఊకొట్టను కూడా లేదు. పెంటప్ప గమనిస్తేగా!

మర్నాడు కరెంటు పోయి షెడ్డు సద్దుమణిగినప్పుడు రాజారాం వచ్చి ఎదుట నిలబడ్డాడు. సాంచా కంబి మీద చెయ్యి వేశాడు.

"ఒక్క మాటడుగుత బావా. నేను కిందపడ్డనాడు, ముందు నా దిక్కు ఉరికితివా, దీని దిక్కు ఉరికితివా?"

పెంటప్ప కంబి మీది చేతిని చూశాడు. "నీకు... ఎవరు జెప్పిండ్రు?"

"ఎవరు జెప్తేంది? అబద్ధమా?"

పెంటప్ప తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. ఆ సాయంత్రమే రాజారాం జోడ్‌భావి పేట్‌లో వేరే షెడ్డు చూసుకున్నాడు. మళ్ళీ అక్క గడప తొక్కలేదు. ఆ అక్క యమునాబాయి మొగుడి ముందు కంచం తోసేసి, ముఖం తిప్పుకుని కూర్చునేది.

పెంటప్ప పరుగున కొంతం చౌక్ మెట్లెక్కాడు.

"కడుపుల మాట నీ దగ్గర దాచిపెడితే బజార్ల పారబోస్తివి గదమ్మా!"

వసంత తెల్లబోయింది. "నేనా? మా నాన్నకు గూడ చెప్పలే కాకా!"

"గదిల ఉన్నది మనిద్దరం. నేను జెప్పలే. మరి ఈ కుర్చీ జెప్పిందా?"

"ఒట్టు కాకా..."

"నీ ఒట్టు నీ దగ్గరనే పెట్టుకో. దాన్ని నమ్మే గదా నా కొంప మునిగింది!"

వైద్యం మాత్రం పూర్తిగా పనిచేసింది. పెంటప్ప నోరు బాగైంది. చాయ్ హోటలు, పాన్ డబ్బా, షెడ్డు గుమ్మం, ఎక్కడ నలుగురు కనబడితే అక్కడ అదే పాట. "ఆ సేటు బిడ్డ దగ్గరికి పోకుండ్రి. పొద్దుగాల చెప్పింది మాపటికి పేటంత తిరుగుతది." మాటకారి మాట, ఎవరు కాదంటారు? బెంచీ ఖాళీ అయింది. దసరా రాకముందే వసంత బోర్డు దింపుకుని పూనా రైలెక్కింది. ఎవరితో మాట్లాడుతూ తను నోరు జారిందో తెలియక, రైల్లో కూడా వెతుక్కుంటూనే ఉంది.

ఇక కథ చెప్పేవాడు ఒప్పుకోవలసింది ఒకటుంది. మొదట్లో నలభై సాంచాలన్నది వట్టి కోత. ఆ షెడ్డులో ఉన్నవి ఎనిమిదే. అయితే ఎనిమిది నడిచినా అక్కడ చెవులతో పని లేదు. పెంటప్ప జోకులకు నవ్వినవాళ్ళంతా అతని పెదవులు చూసి నవ్వినవాళ్ళే.

అద్దాల తలుపు అవతల, రాజారాంకు ఒక్క కన్ను చాలింది.