మధ్యవర్తులు

"నా గడి విప్పింది ఎవరు?" అని అడిగింది పెద్దకోడలు.

ఆమె చేతిలో పసుపు గుడ్డముక్క ఒకటి, ఆకుపచ్చ గుడ్డముక్క ఒకటి విడివిడిగా వేలాడుతున్నాయి. నిన్న సాయంత్రం అవి రెండూ కలిసి బొంతలో ఒక గడి.

"నేనే అక్కా" అంది చిన్నకోడలు, సూదిలో దారం ఎక్కిస్తూ. "కుట్లు దూరం దూరంగా పడ్డాయి. పసిబిడ్డ కాలివేళ్ళు అందులో ఇరుక్కుంటాయి."

"నేను సూది పట్టేనాటికి నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు."

"అప్పట్నుంచీ కుడుతున్నా కుట్టు దగ్గర పడలేదంటే ఏమనుకోవాలి?"

పెద్దకోడలు ముక్కల్ని కింద పెట్టింది. "ఇకమీదట నీతో మాట్లాడితే ఒట్టు."

"మీ ఇష్టం."

బొంత మాత్రం ఆగడానికి వీల్లేదు. ఆడపడుచుకి నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకి మెత్తటి పాతగుడ్డలతో బొంత కుట్టి ఇస్తామని ఇద్దరూ కలిసే మాట ఇచ్చారు. అందుకని కిటికీ పక్కన చాప మీద ఎప్పటిలాగే ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో గుడ్డల మూట, మూట మీద రెండు పిల్లులు. నల్లది పెద్దకోడలిది, పేరు బొగ్గు. రెండోది చిన్నకోడలిది. దాని రంగూ బూడిదే, పేరూ బూడిదే.

కాసేపటికి పెద్దకోడలికి కత్తెర కావలసి వచ్చింది.

"ఒసే బొగ్గూ, ఆవిడ మోకాలి కింద కత్తెర ఉంది. ఇటు తొయ్యమని చెప్పు."

చిన్నకోడలు కత్తెర తోసింది. "బూడిదా, తోశానని చెప్పు. మొహం చూసి అడిగితే ఎవరూ అరిగిపోరని కూడా చెప్పు."

"ఆ రెండో ముక్క నాకు వినపడలేదని చెప్పవే బొగ్గూ."

బొగ్గు ఆవులించి, ఎర్ర గుడ్డ మీద గడ్డం ఆనించుకుని పడుకుంది.

అలాగే రోజులు గడిచాయి. కుట్టుపని నడుస్తూనే ఉంది గాని, తిండి చెడింది. వంటింట్లోకి పిల్లుల్ని రానివ్వరు కాబట్టి అక్కడ రాయబారం సాగేది కాదు. ఉప్పు వేశావా అని ఒకరినొకరు అడగకపోవడంతో కూరలో ఒక్కోరోజు ఉప్పు రెండుసార్లు పడేది. ఒక్కోరోజు ఆవిడ వేసిందనుకుని ఈవిడ, ఈవిడ వేసిందనుకుని ఆవిడ వదిలేసేవారు. వాళ్ళ భర్తలు, అన్నదమ్ములిద్దరూ, కంచాల్లోకి చూసుకుంటూ మాట్లాడకుండా తినేవారు. నోరు తెరిస్తే ఎవరి పక్షమో చెప్పాల్సి వస్తుందని వాళ్ళ భయం.

ఒకరోజు మధ్యాహ్నం పిల్లులు కనపడలేదు.

పెద్దకోడలు మంచాల కింద, మెట్ల కింద వెతికింది. చిన్నకోడలు స్టూలు ఎక్కి బీరువా పైన చూసింది. వీధిలోకి వెళ్ళి పేరు పెట్టి పిలిచింది. ఎదురింటి కుక్క మొరిగింది గాని, పిల్లి ఏదీ పలకలేదు.

"కిటికీ తీసే ఉంది. అందులోంచి దూకేసి ఉంటాయి" అన్నాడు చిన్నాయన.

"మీరిద్దరూ కంగారుపడకండి. మేం వీధి చివరిదాకా చూసొస్తాం" అన్నాడు పెద్దాయన. అన్నదమ్ములిద్దరూ చెప్పులేసుకుని బయటికి వెళ్ళారు.

ఆడవాళ్ళిద్దరూ చాప మీద కూలబడ్డారు. గుడ్డల మూట మీద పిల్లులు పడుకున్న చోట రెండు గుంటలు అలాగే ఉన్నాయి. చిన్నకోడలు సూది తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగి, దారం ఎక్కడుందో కనపడలేదు.

"పొద్దున్న ఏమైనా తిన్నాయా?" అంది పెద్దకోడలు.

"పాలు తాగాయక్కా."

ఆ తర్వాత గాని ఇద్దరికీ తెలియలేదు, తాము మాట్లాడుకున్నామని.

"ఆ పసుపు గడి ఇలా ఇవ్వు" అంది పెద్దకోడలు. "దగ్గర కుట్టు ఎలా వేస్తావో చూపించు. నిజంగానే బిడ్డ వేలు ఇరుక్కుంటే పాపం."

"మీలా రంగు పక్కన రంగు పేర్చడం నాకెక్కడొచ్చు? మీరు పేర్చండి, నేను కుడతాను."

చేతులు ఆడాయి. చేతులతోపాటు నోళ్ళూ ఆడాయి. ఇన్నాళ్ళుగా దాచుకున్న కబుర్లన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి.

"మీ బావగారికి ఎంత జాలిగుండో చూడు. పిల్లుల కోసం ఎండలో బయల్దేరారు" అంది పెద్దకోడలు. "పోయిన శనివారం మరిదికి కడుపునొప్పి వచ్చినప్పుడూ అంతే. ఆసుపత్రికి తీసుకెళ్ళి, చీకటి పడేదాకా పక్కనే కూర్చున్నారట."

చిన్నకోడలి సూది ఆగింది. "ఈయనకి కడుపునొప్పా? బావగారికే పన్ను పోటు, డాక్టరు దగ్గరికి తోడు వెళ్తున్నానని చెప్పారే నాతో."

"పన్నా? ఆయనకి ఉన్నవన్నీ కట్టుడు పళ్ళేగా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంతకుముందు శనివారం నీకేం చెప్పాడు?" అంది పెద్దకోడలు.

"ఇద్దరికీ స్నేహితుడట, పెద్ద మీసాలాయన. పోయాడని, చూసొస్తామని."

"నాకు ఆ మీసాలాయన పెళ్ళిరోజని చెప్పారు."

చిన్నకోడలు గడి పక్కన పెట్టి, జరిగి, పెద్దకోడలి పక్కన ఆనుకుని కూర్చుంది.

"రానీ" అంది పెద్దకోడలు. "ఇద్దర్నీ చెరో కుర్చీలో కూర్చోబెట్టి ఒకేసారి అడుగుదాం. ఈలోగా గుర్తు చేసుకో. ఇంకా ఏయే శనివారాలు?"

గోడకి అవతల, వెనక వసారాలో, అన్నదమ్ములిద్దరూ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. చిన్నాయన కాళ్ళ దగ్గర మూత పెట్టిన బుట్ట ఒకటి ఉంది.

"ఇంకా చూస్తావేంరా?" అని గొణిగాడు పెద్దాయన. "ఆ బుట్ట మూత తీసి, పిల్లుల్ని లోపలికి వదిలేయ్."