నిలబడి పాడే బండి

కార్ఖానా ఏరియాలో పాత బండ్లు అమ్మే బ్రోకరు ఒక వ్యాన్ తలుపు తెరిచి, ఎక్కి చూడమన్నాడు. యేసుదాసు ఎక్కి నిలబడబోయాడు. తల పైకప్పుకు తగిలింది. దిగిపోయాడు.

"నాకు టెంపో ట్రావెలరే కావాలె."

"ట్రావెలర్ నడిపినోళ్లంతా మళ్లీ గదే అడుగుతరు. ఏమున్నదన్నా దాంట్ల?"

"నిలబడొచ్చు. మా చర్చిల పాటలు పాడేటోళ్లను పదిహేనేండ్లు తిప్పిన. మెట్టుగూడ దాటంగనే బండిలనే ప్రాక్టీసు షురూ. పాట ఎత్తుకునేది మా ఇంటామె రోసమ్మ. దేవుని పాట కూసొని పాడొద్దంటది. అందర్నీ లేపి నిలబెడతది."

బ్రోకరు నవ్వాడు. "వయసైతున్నది గదన్నా, వదినను ఇకనన్నా జెర కూసోమను. ఈ సీట్లు చూడు, ఎంత మెత్తగున్నయో."

యేసుదాసు సీటు మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు.

"మొన్న శనివారం నా పాత బండిల మధ్య సీట్లు పీకి పెట్టె పెట్టినం. సమాధుల తోట దాకా అందరం నిలబడే పాడినం. పాట ఎత్తుకునే మనిషి ఒక్కతే పండుకున్నది."