ఎడమకు లాగే జీపు

"బండిలో ఏ తప్పూ లేదు వదినా!" అంటూ డెల్చో జీపు కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. "కీళ్లు బిగువుగానే ఉన్నాయి. టైర్లలో గాలి సరిపోయింది. ముందు చక్రాల్లో వెంట్రుకవాసి వంకర లేదు."

"మరెందుకు లాగుతోంది?"

"ఎక్కడ లాగుతోంది?"

బిసెరా గ్యారేజీ తలుపులోంచి కనిపిస్తున్న అడవి కొండను ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

"సున్నపుబట్టీ మలుపులో. అక్కడొక్కచోటే. ఎడమకి."

చేతులు తుడుచుకుంటున్న డెల్చో ఆగిపోయాడు.

ఆ పాత రష్యన్ జీపు బిసెరా భర్త రాంగెల్‌ది. ఫారెస్టు గార్డు. రెండేళ్ల కిందట మొదటి మంచు పడిన రోజు ఆ బట్టీ వైపు అడవిలోకి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఊరంతా వెతికారు. పోలీసు కుక్కలూ వెతికాయి. మంచు జాడలన్నిటినీ కప్పేసింది. రొడోపి కొండల్లోని ఆ ఊళ్లో ఎవరు పోయినా ఫొటోతో మరణ ప్రకటన అచ్చువేయించి గేటుకు అంటిస్తారు. బిసెరా మాత్రం అంటించలేదు. పిచ్చిది, ఇంకా ఆశ చావలేదు అనుకున్నారు అందరూ.

జీపు ఇంకా రాంగెల్ పేరు మీదే ఉంది కాబట్టి అమ్మడానికి లేదు. మేకపాలు జున్ను కేంద్రానికి చేర్చాలంటే వేరే దారీ లేదు.

"స్టీరింగు చేతుల్లోంచి లాక్కుపోకుండా అదిమిపట్టే డ్యాంపర్ ఏదో ఉంటుందట కదా, అది బిగించు," అంది బిసెరా. "ఏదో ఒక రోజు చెట్టుకు గుద్దేస్తానని భయంగా ఉంది. నా మణికట్టు సంగతి నీకు తెలుసుగా."

ఆమె ఎడమ మణికట్టు ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుంది. మెట్ల మీద జారిపడిందని రాంగెల్ అప్పట్లో అందరికీ చెప్పాడు.

డెల్చో రెండు గొట్టాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది నూనెది. కుదుపును మింగేస్తుంది. తనంతట తాను ఎటూ తొయ్యదు. నన్నడిగితే ఇదే మేలు. అది గ్యాసుది. మొండిఘటం. కానీ దానికో రోగముంది. లోపలి గ్యాసు కడ్డీని ఎప్పుడూ బయటికి నెడుతూనే ఉంటుంది. దాంతో స్టీరింగు కాస్త ఒక పక్కకు పోతుంది."

"ఏ పక్కకి?"

"నేను ఎటు బిగిస్తే అటు."

"కుడికి పోయేట్టు బిగించు."

డెల్చో పకపకా నవ్వాడు. "దయ్యం మీదకి దయ్యాన్ని తోలుతున్నావన్నమాట!" అనేసి, అంతలోనే నాలుక కరుచుకున్నాడు.

జీపు ముందు భాగాన్ని జాకీ మీద లేపి, డ్యాంపర్ ఒక కొసను ఇరుసుకు బిగించాడు. రెండో కొసను చక్రాలు రెండింటినీ కలిపే కడ్డీకి బిగిస్తూ కింద నుంచే అన్నాడు. "వదినా, ఒక మాట. లాగుతున్నది మా రాంగెల్ అన్నేనేమో. నేనిక్కడున్నాను, తీసుకెళ్లండి అని."

"నోర్మూసుకుని బోల్టు బిగించు."

"బిగిస్తున్నాలే. ఒక్కసారి స్టీరింగు వదిలేసి చూడరాదూ? దొరికితే కనీసం కొవ్వొత్తి వెలిగించుకోవడానికైనా ఒక చోటుంటుంది."

బిసెరా సీట్లోకి ఎక్కింది. స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పమంటే తిప్పింది. గొట్టం ఎక్కడా తగల్లేదు.

మధ్యాహ్నం ఇద్దరూ బయల్దేరారు. బిసెరా నడుపుతోంది. మబ్బులు చెట్ల తలల మీదికి దిగి ఉన్నాయి. కూలిన సున్నపుబట్టీ కనిపించగానే స్టీరింగు మీద బిగిసిన ఆమె వేళ్లు తెల్లబడ్డాయి. మలుపు వచ్చింది. స్టీరింగు కదల్లేదు. వణకలేదు.

"చూశావా! మొండికి మొండే మొగుడు," అన్నాడు డెల్చో.

బిసెరా కళ్ల వెంట బొటబొటా నీళ్లు కారాయి. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

టక్. టక్. టక్.

ఎడమ మలుపు లైటు వెలిగి ఆరుతోంది.

"ఎందుకేశావు?"

"నేను వెయ్యలేదు."

డెల్చో మీట లాగి ఆర్పాడు. మళ్లీ వెలిగింది. కిందికి వంగి ఫ్యూజు పీకేశాడు. ఫ్యూజు అతని అరచేతిలో ఉంది. లైటు మాత్రం వెలుగుతూనే ఉంది.

టక్. టక్.

"వదిలెయ్ వదినా. నీకు దణ్ణం పెడతా, వదిలెయ్."

బిసెరా వేగం తగ్గించి ఆ చిన్న లైటునే చూసింది. తర్వాత, మోయలేని బరువు దింపినట్టు, రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసేసింది.

కొత్త డ్యాంపర్ కుడికి నెడుతుండగానే స్టీరింగు నెమ్మదిగా ఎడమకు తిరిగింది. జీపు రోడ్డు దిగి, కలప బళ్ల పాత బాటలోకి మళ్లి, ఫర్ చెట్ల నడుమ ఖాళీ జాగాలో దానంతటదే ఆగింది. లైటు ఆరిపోయింది.

ఒక్క పిట్ట కూత లేదు.

డెల్చో శిలువ గుర్తు వేసుకుని, వెనక నుంచి మంచు తీసే పార అందుకుని దిగాడు. నేలంతా ఒకేలా గడ్డి.

"ఇంత జాగాలో ఎక్కడని తవ్వేది?"

బిసెరా కూడా దిగింది. రెండేళ్లుగా నిద్ర లేనిదానిలా ఉంది ఆమె మొహం.

"ఆ వంగిన చెట్టు కింద చూడు."

కట్టుకున్నదాని మనసుకు తెలుస్తుంది కాబోలు అనుకుని డెల్చో పార దించాడు. మోకాటి లోతు తవ్వేసరికి ఒళ్లంతా చెమటలు. వేళ్లు, రాళ్లు, తడి మన్ను, అంతే.

"ఏమీ లేదు వదినా. మనసు భ్రమ. పోదాం పద."

బిసెరా గుంత అంచుకు వచ్చి లోపలికి తొంగి చూసింది.

"ఇంకా తవ్వు డెల్చో, నేను నడుం లోతు తవ్వాను."