కళ్లు మూసుకుని చూసిన యూరప్

"లే. నీ ఒక్కని కోసం గైడమ్మ బస్సు ఆపింది."

సుందరలక్ష్మి భుజం పట్టి కుదిపేసరికి గోవిందరాజులు ఉలిక్కిపడి లేచాడు. ఎక్కడున్నాడో వెంటనే తెలియలేదు. ఎదురుగా వేల ఏళ్లనాటి రోమ్ గోడలు, వాటి ముందు ఫోటోలు దిగుతున్న జనం. తను మాత్రం ఒక రాతిమెట్టు మీద, టోపీ ఒళ్లో పెట్టుకుని, నోరు తెరిచి నిద్రపోయాడు. టోపీలో ఎవరో పుణ్యాత్ములు ఒక నాణెం కూడా వేసి పోయారు.

"చూసినవా, రోమ్‌ల నా బోణీ అయింది," అని నాణెం చూపించాడు.

ఆమె నవ్వలేదు. నల్లద్దాలు తీయకుండానే, "భివండీ నుంచి గింత దూరం గురక పెట్టెతందుకే వచ్చినవా?" అంది.

దానికి అతని దగ్గర జవాబుంది. కానీ చెప్పడానికి లేదు. బయలుదేరే ముందు ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. తిరిగి ఇల్లు చేరేదాకా కార్ఖానా మాట ఎత్తకూడదు. పెళ్లయిన దగ్గర్నుంచీ భివండీ నాగావ్‌లో కింద మరమగ్గాలు, పైన కాపురం. నోరు తెరిచి ఆమె అడిగిన మొదటి యాత్ర ఇదే. అతను ఆమె తల మీద చేయి పెట్టి మరీ ఒప్పుకున్నాడు.

తీరా రేవు రేవునా ఆగుతూ యూరప్ చూపించే ఓడ ఎక్కాక అసలు చిక్కు తెలిసింది. క్యాబిన్‌లో చప్పుడు లేదు. తలుపు వేస్తే సముద్రం కూడా వినిపించదు. ఇన్నేళ్లూ మగ్గాల టకటకలోనే నిద్రపోయిన మనిషికి ఆ నిశ్శబ్దం చెవుల్లో దూది కుక్కినట్టుంది. పక్కన భార్య అటు తిరిగి కదలకుండా పడుకుని ఉండేది. అదృష్టవంతురాలు అనుకుని, ఆమెకు నిద్రాభంగం కాకూడదని తనూ కదలకుండా పైకప్పు చూస్తూ పడుకునేవాడు. తెల్లారి ఊరు చూపించే బస్సు ఎక్కి, ఇంజను మొదలైతే చాలు, కళ్లు వాటంతట అవే మూతపడేవి.

పీసాలో తీసిన ఫోటోలో గోపురం ఒక పక్కకి, అతను ఇంకో పక్కకి వాలి ఉన్నారు. "గోపురం కంటె నేనే ఎక్కువ వంగిన," అని అందరికంటే ముందు అతనే నవ్వాడు. నీస్ మ్యూజియంలో అయితే కాపలాదారు దగ్గరికొచ్చి, ఊపిరి ఆడుతోందో లేదో చూసి వెళ్లాడు.

బార్సిలోనాలో ఓడ ఆగిన పొద్దున సుందరలక్ష్మి తేల్చి చెప్పింది.

"ఫోటోలు కడిగిస్తే నువ్వు కండ్లు తెరిచింది ఒక్కటి గూడ ఉండదు. మనోళ్లకు ఏమని చూపియ్యాలె?"

"ధ్యానం జేసిండని చెప్పు."

"నవ్వులాట గాదయ్యా. నా పక్కన నిలబడి ఒక్క ఊరన్న చూస్తవనుకున్న. నువ్వు నా మీద ప్రేమతోని రాలే. మాట ఇచ్చినందుకు వచ్చినవు." ఆమె నల్లద్దాలు పెట్టుకుంది. "ఇయ్యాల గూడ నిద్రపోతే మిగిలిన ఊర్లు నేనొక్కదాన్నే చూసుకుంట. నువ్వు ఓడలనే పండుకో."

గోవిందరాజులుకు ఆ పూట ఇంకో హాస్యం తోచలేదు. నిజం చెబితే మాట తప్పినట్టు. చెప్పకపోతే ఆమె మీద ప్రేమ లేనట్టు.

మధ్యాహ్నం గైడు అందరినీ బజారులో వదిలి, సాయంత్రం పెద్ద చర్చి చూడాలి, రండి అని చెప్పింది.

"నేను దుకాణాలు చూసొస్త. నువ్వు గీడనే కూసో, కండ్లు తెరుసుకొని," అని సుందరలక్ష్మి వెళ్లింది.

ఆమె కనుమరుగయ్యాక అతను లేచి వీధులు తిరిగాడు. ఒక సందులో, పరదేశాలకు ఫోన్లు చేసుకునే దుకాణం కనిపించింది. లోపల వరుసగా తలుపులేసిన చెక్క గదులు. యజమాని హిందీ మాట్లాడాడు. మొదటి దాంట్లో ఎవరో ఉన్నారని చెప్పి, చివరి గది చూపించాడు.

భివండీలో కార్ఖానా ఆఫీసు ఫోన్ మోగగానే కొడుకు యోగేష్ ఎత్తాడు.

"బాపూ, ఎట్లున్నరు? మస్తు తిరుగుతున్నరా?"

"తిరుగుతున్న బిడ్డా. యూరప్ అంత కండ్లు మూసుకొనే చూసిన. గని, ఒక పని చెయ్యి. ఎందుకని అడగకు. రిసీవర్ తీస్కపోయి సాంచాల దిక్కు పెట్టు. జరసేపు."

"సాంచాల దిక్కా?"

"మగ్గాల దిక్కురా. ఇనవడ్డదా?"

"ఇనవడ్డది. బాపూ, తబియత్ ఠీక్ ఉన్నదా?"

"ఠీకే. నిద్ర లేక సస్తున్న. గా సప్పుడు చెవుల వడితే గీడనే గోడకు ఒరిగి ఒక కునుకు తీస్త. పొద్దుమీకి మీ అమ్మ పక్కన నిలబడి చర్చి చూడాలె నేను, కండ్లు తెరుసుకొని." అతని గొంతు తగ్గింది. "అమ్మకు మాత్రం చెప్పకు. గింత ఆశపడి వచ్చింది. ఈడికొచ్చి గూడ నాకు సాంచాలే కావాల్నని తెలిస్తే బాధపడ్తది."

యోగేష్ నసిగాడు.

"ఈ ఫోన్ వైరు గంత దూరం రాదు బాపూ."

"అయితే నీ మొబైల్‌కు చేస్త. గది తీస్కపోయి పెట్టు."

"మొబైల్ ఆల్‌రెడీ సాంచాల కాడనే పెట్టిన బాపూ. అమ్మ లైన్ల ఉన్నది. నీకు చెప్పద్దన్నది."