పైనుంచా, కిందనుంచా

కంప్యూటర్ తెర మీద జీడిపప్పు ఆకారంలో ఒక గీత. దాని కింద ఎర్ర అక్షరాలు: అంచు మూసుకోలేదు.

పొద్దుటి నుంచి ఇదే వరస. ఆమె ఇంపోర్ట్ నొక్కడం, అది మొరాయించడం.

ఆమె పని సర్క్యూట్ బోర్డు గీయడం. ఆ బోర్డు మణికట్టుకు కట్టుకునే బీపీ మిషన్‌లో కూర్చోవాలి. మిషన్ డబ్బా గీసేది మామయ్య, అమ్మకు సొంత తమ్ముడు. డబ్బా లోపలి వంపులన్నీ చూసుకుని, బోర్డు అంచు ఎలా ఉండాలో ఆయన తన సాఫ్ట్‌వేర్‌లో గీసి పంపాలి. అందులోనే ఈమె సర్దుకోవాలి.

మామయ్య గీత దూరం నుంచి ముచ్చటగానే ఉంటుంది. దగ్గరికెళ్తే కదా అసలు రంగు బయటపడేది. వంపులన్నీ చిన్నచిన్న ముక్కలు, ముక్కకీ ముక్కకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ. గీతలు కలవకపోతే ఆమె సాఫ్ట్‌వేర్ దాన్ని అంచుగా ఒప్పుకోదు.

వంపును ముక్కలు చెయ్యకు మామయ్యా, ఒకే గీతగా పంపు అని తన కుర్చీలోంచే చెప్పింది. ఆయన గోడవైపు తిరిగి కూర్చుంటాడు, ఆమె ఆయన వెనక. వెనక్కి తిరక్కుండానే సరే సరే అన్నాడు.

మళ్ళీ అదే పంపాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. గొంతు పెంచి ఇంకోసారి చెప్పింది. ఆయన తల ఊపాడు. వచ్చిన ఫైల్లో పాత ఖాళీలు అలాగే ఉన్నాయి, పైగా ఒక మూల గీత మీద ఇంకో గీత పడింది.

తల ప్రాణం తోకకొచ్చింది. ఇక ఈయనతో అయ్యే పని కాదని, ముక్క పక్కన ముక్క తనే అతికించుకుంటూ కూర్చుంది. భోజనం వేళ దాటాక గానీ ఎర్ర అక్షరాలు పోలేదు.

ఇంకొక్కటి తేలాలి. అసలు గొడవంతా దాంతోనే.

ఆ అంచును ఆయన డబ్బా పైనుంచి చూసి గీశాడా, కిందనుంచి చూసి గీశాడా? కిందనుంచి అయితే బొమ్మను తిప్పి పెట్టుకోవాలి. పోయినసారి తిప్పలేదు. తయారై వచ్చిన బోర్డుల్లో ఒక్కటంటే ఒక్కటి డబ్బాలో కూర్చోలేదు, ఎడమ చెప్పు కుడికాలికి తొడిగినట్టు. అన్నీ చెత్తబుట్ట పాలు.

ఇంకోసారి ఇలా జరిగితే మీ ఇద్దరిలో ఒకరు ఇంటికెళ్తారని మేనేజర్ మొహం మీదే అన్నాడు. ఈ సాయంత్రానికి ఫైలు ఫ్యాక్టరీకి వెళ్ళిపోవాలి.

"మామయ్యా, పైనుంచా, కిందనుంచా?"

"అవును" అన్నాడు మామయ్య.

పోయినసారీ ఇదే మాట. అప్పుడు దాన్ని పైనుంచే అని తనకు తానే అర్థం చెప్పుకుంది, బుద్ధి గడ్డి తిని.

"రెండింట్లో ఏదో చెప్పమంటే అవునంటావేంటి? నీతో వేగలేక చస్తున్నా."

మామయ్య నిమ్మకు నీరెత్తినట్టు మౌస్ కదుపుతూనే ఉన్నాడు.

అంతలో ఆయన మోచేతి పక్కనున్న ప్రింటర్‌లో కాగితం అయిపోయింది. అది సన్నగా, ఆగకుండా కీచుమనడం మొదలెట్టింది. గది అటు చివర కూర్చున్నవాళ్ళు కూడా చెవులు మూసుకుని, ఆపవయ్యా బాబూ అని విసుక్కున్నారు.

ఆయన ఉలకలేదు, పలకలేదు.

ఇంత మొండితనం ఏమిటని ఆమె విసురుగా వెళ్ళి ప్రింటర్ ఆపేసింది. ఆమె చెయ్యి కంటబడ్డాక గానీ మామయ్య తల తిప్పలేదు. ఉలిక్కిపడ్డాడు.

"ఏం అమ్మడూ, ప్రింట్ కావాలా?" అని నవ్వాడు.

ఆమె కోపం ఎటు పోయిందో తెలీదు.

ఆ మోతకు మేనేజర్ లోపలికి వచ్చాడు. ఈసారైనా ఏ వైపో కనుక్కున్నావా అన్నాడు. పోయినసారి ఈయన చెప్పలేదా, నువ్వు అడగలేదా, ఆ సంగతి ఇప్పుడే తేల్చమన్నాడు.

మామయ్య ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూస్తున్నాడు, అదే నవ్వుతో.

"నేనే సరిగ్గా అడగలేదు సార్" అంది ఆమె.

అయితే ఈసారి తేడా వస్తే వెళ్ళేది నువ్వేనని చెప్పి మేనేజర్ వెళ్ళిపోయాడు.

ఆమె తన కుర్చీ లాక్కొచ్చి, మామయ్య బల్ల పక్కన ఇరుక్కుని, ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"పైనుంచా? కిందనుంచా?" అంది, గొంతు పెంచకుండా, ఒక్కో మాటా విడివిడిగా.

ఆయన ఆమె పెదవుల వైపే చూశాడు. మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"కిందనుంచి."

ఆమె లేవబోతుంటే మామయ్య ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

"అక్కకి చెప్పకు."

ఆమె తల ఊపింది.